ఎదురుగాలిలో బంతి

ఏలూరు మిషన్ స్కూలు మైదానం, 1934. ఆస్ట్రేలియా దొర నేర్పిన, కోడిగుడ్డు ఆకారపు బంతితో ఆడే ఆట అప్పుడే ముగిసింది. గట్టు మీద కలిదిండి నుంచి వచ్చిన పెద్దాయన, పక్కన జట్టును నడిపే మాస్టారు.

"మా ఆవిడను సమాధి చేసిన రోజు నా తమ్ముడు ఇక్కడ బంతి తన్నాడండి."

"ఏసుబాబుకి తెలియదండి. కబురు ఆలస్యంగా వచ్చింది."

"ఆట సగంలో వచ్చింది. మిగతా సగమూ ఆడాడు."

"సాయంత్రం దాకా తిరుగు పడవ లేదు కదండీ."

"కాళ్ళున్నాయి. ఆ కాళ్ళతోనే బంతి తన్నాడు."

మాస్టారు మాట మార్చాడు.

"ఇవాళ ఎలా ఆడాడంటారు?"

"ఆట గురించైతే చెబుతాను. మూడు మ్యాచీలుగా వాడి ఊపు తగ్గలేదు. తనను కాసేవాణ్ణి పక్క గీత దాకా లాక్కుపోతాడు. గోలు స్తంభాల ముందు ఖాళీ పడగానే వెనక్కి పరుగెత్తి బంతి అందుకుంటాడు."

"ఆ ఎగరడం చూశారా? ఇద్దరి తలల మీద నుంచి పట్టాడు."

"కొల్లేట్లో పడవకు గెడ వేసిన చేతులండి. బంతి ఉన్న చోటికి పోడు, పడబోయే చోటికి పోతాడు. అలాంటి ఆటగాణ్ణి నేను చూడలేదు."

"ఆ మాట అతనితోనే అనండి. గేటు దగ్గర నిలబడ్డాడు. ఇంటికి రావచ్చేమో మిమ్మల్ని అడగమన్నాడు."

పెద్దాయన కండువా దులుపుకుని లేచాడు.

"ఎదురుగాలిలో బంతిని కిందుగా తన్నమనండి, ఇవాళ రెండు పాడుచేశాడు. ఇంటి సంగతి ఇక నా దగ్గర ఎత్తకండి. నేనూ ఎప్పుడూ ఎత్తను."