ముడుపు ఎవరి వాటాకొస్తాది సార్?

నగకండి లాయరు సార్! "ఇద్దరికీ ఏ తగవూ లేదు" అని విడాకుల కాగితంలో రాసింది మీరే కదా? తగవు వచ్చింది సార్. రేపు కోర్టులో సంతకాలు పెట్టాల, మాకిప్పుడు వచ్చింది తగవు.

పుత్తూరులో నా టైలరింగ్ అంగడి నాకు, ఇల్లు ఆయనకు. సరే. గ్రైండరు నువ్వు తీసుకోమంటాడు, నాకెందుకు నువ్వే తీసుకోమంటాను. నెలనెలా పన్నెండు వేలిస్తానంటాడు మా ఆయన భానుచందరు. ఎనిమిది సాలన్నాను. "శ్రీ సిటీ ఫ్యాక్టరీలో షిఫ్టులు చేసేటోడికి ఆ మాత్రం గతి లేదనుకుంటాండావా?" అని ఎగిరినాడు. నేనూ ఎగిరినాను. పదైదేండ్ల కాపురంలో మేము అంతసేపు మాట్లాడుకునింది అదే సార్! మాటల్లేకనే కదా మీ కాడికి వచ్చింది?

ఎట్లో పదికి తెగింది. బీరువా తెరిసి సామాన్లు పంచుకుంటా ఉంటే, పట్టుసీరల కింద పసుపుగుడ్డ మూట. ముడుపు! ఆయన కాలు ఇరిగి పుత్తూరు కట్టు కట్టించుకున్నప్పుడు, నయమైతే దంపతులిద్దరం కొండకు నడిసొచ్చి హుండీలో వేస్తామని మొక్కుకున్నాము. కాలు నయమైంది, మొక్కు మరిసినాము.

ఇది ఎవరి వాటాకొస్తాది సార్? మీ సట్టంలో ఉండాదా? విప్పి చెరిసగం తీసుకుందామా అన్నాడాయన. మా అత్త చంద్రకాంతమ్మ చెంపలేసుకునింది. "సంతకాలైతే మీరు దంపతులు కారు. ఈ లోపలే పోయి తీర్చి రాండి, దేవునితో పెట్టుకోకండి" అనింది.

ఇంగేం చేస్తాం? నిన్న అలిపిరి కాడ ఎక్కినాం. విడిపోయేదానికని జంటగా కొండెక్కినోళ్ళను యాడైనా సూసినారా? మెట్లకు పసుపు పూస్తాన్న కొత్తపెండ్లికూతురొకతి, "అక్కా, మీరిద్దరూ ఎప్పుడూ ఇట్లనే ఉండాల" అనింది. తలూపినాను.

మోకాళ్ళ మెట్ల కాడ ఆయనకు ఆ పాత కాలే పట్టుకునింది. నా బుజం మీద చెయ్యేసినాడు. పైకి పోయేదాకా తియ్యలేదు. నేనూ తియ్యమనలేదు.

హుండీ ముందర సంచి ఎతికినాడు. జోబులు ఎతికినాడు. ముడుపు లేదు! "అయ్యో, మరిసొచ్చినా లోకేశ్వరీ!" అని తల కొట్టుకున్నాడు. వెనక జనం తోస్తాండారు, మేమిద్దరం ఆడ నిలబడి నగుతాండాము. ఎన్నేండ్లయింది సార్, అట్ల నగి!

అందుకే చెప్తాండా, రేపటి వాయిదా మార్పించండి. మళ్ళా నడవాల. మొక్కు తీరకుండా ఎట్ల విడిపోయేది?

ఏం సార్, అట్ల సూస్తారు?

సరే, మీ కాడ దాచేదేముంది. ఆయన మరిసింది నిజమే. దేవుని గూట్లో పెట్టి మరిసినాడు. నేను సూసినాను. సూసి, గమ్మున తలుపుకు బీగం వేసినాను.