రన్‌వే రాళ్ళు

1998. బెంగళూరు తాలూకాఫీసు. బెళ్ళందూరు పెద్దాయన గుమాస్తా కిటికీ ముందు నిలబడడం ఇది తొమ్మిదోసారి.

"తెల్లదొరల కాలంలో, రెండో ప్రపంచ యుద్ధమప్పుడు మా పొలంలో మిలిటరీ వాళ్ళు విమానాలకని కాంక్రీటు పోసినారప్పా. యుద్ధం అయిపోతే వాపసిస్తామన్నారు."

"అక్కడ రన్‌వేనే లేదంటుండారే వాళ్ళు!"

"మరి నేల ఎవరి పేరన ఉండాది?"

"మిలిటరీ పేరనే."

"ఇదేం న్యాయమప్పా!"

"అరవొద్దు పెద్దాయనా. ఆ కాంక్రీటు చూపించు, సర్వేయరు రాసుకుంటాడు. నేల నీదే."

"యుద్ధం అయిపోతానే మేమే పగలగొట్టి రాగులు చల్లినాం."

"రాళ్ళేమైనాయి?"

"మా చర్చి పునాదిలో ఉండాయి."

"అయితే పునాది తవ్వించు."

పెద్దాయన అర్జీని పరపరా చించేశాడు.

"నేల మీరే పెట్టుకోండప్పా! చర్చి జోలికి మాత్రం రావద్దు."