ఆ పాటలో గొంతు

తిరుచానూరు. సాయంత్రం. నాగులమ్మ పూలకొట్టు. ఆమె, చిన్నకొడుకు మునిప్రసాద్.

“ఆ పూలు కట్టేది ఆపి నా మాట విను మా. కారు నిలబెట్టుకోనుండాను.”

“వింటానే ఉండాను, చెప్పు. కట్టేది చేతులు గదా, చెవులు కాదే.”

“ఎల్లుండి బెంగుళూరులో మా ప్రోగ్రాము. టికెట్లన్నీ అయిపోయినాయి. అన్నీ!”

“రేణిగుంట గోడౌనులో మీరు వాయిస్తా ఉంటే, పక్క షెడ్డోళ్ళు వచ్చి కరెంటు పీకేస్తా ఉండిరే, ఆ వాయింపుకేనా?”

“ఆ వాయింపుకే. కాలేజీ ఫంక్షన్లో మధ్యలోనే మైకు ఆపి కిందికి దించినారు సూడు, వాళ్ళే ఇప్పుడు ఫోన్ల మీద ఫోన్లు. ‘రేకులషెడ్డు’ బ్యాండంటే తెలీనోళ్ళు లేరు మా. అంతా ఆ ఒక్క పాటతోనే.”

“తెలుసులేరా. ఈ దోవన పోయే బస్సుల్లో అంతా అదే. నిన్న పలమనేరు పిల్లోళ్ళు ఈడనే, కొట్టు ముందరే ఎగిరినారు.”

“నువ్వేం చేసినావు?”

“పూలు కొలిచి ఇచ్చినా. జానెడు ఎక్కువే ఇచ్చినా.”

“కోపం రాలేదా?”

“ఎందుకు? మీ అన్న కోసరం నేను ఏడ్చిన మాటలు మనసులో పెట్టుకోని పాట కట్టినావు. ‘రవిచంద్రా, లెయ్ రా’ అని ఊరూరా పాడతా ఉండారు. లారీ కింద పోయినోడు... పేరన్నా తిరగతా ఉండాది. మీ బ్యాండులో ఆ లోహిత పాప గూడా ఏం పాడిందిరా! అచ్చం నా మాదిరే ఏడ్చింది.”

“అదే... అది చెప్దామనే వచ్చినా. నువ్వు గూడా రావాల మా. స్టేజీ మీదికి.”

“నేనా? ఆ లైట్లలోకి నేనెందుకురా?”

“పాటల కంపెనీ వాళ్ళు అడగతా ఉండారు. ఆ గొంతు ఎవురిదో జనానికి సూపియ్యాలంట.”

“లోహితను సూపియ్యమను.”

“లోహిత పాడేది మధ్యలో నుంచి మా. మొదుట్లో వచ్చేది...”

“మొదుట్లో వచ్చేది?”

“నీదే.”

“నాదేంది?”

“నీ గొంతే. లోహిత పాడి సూసింది, రాలే. ఇంకా ఎవురెవురో పాడినారు, రాలే. అందుకని ఉన్నిందే పెట్టేసినాము.”

“ఉన్నిందా? నేను నీకు ఎప్పుడు పాడి ఇచ్చినా?”

“పొద్దు పోతా ఉండాది మా. చీరలు సర్దుకో. దోవలో మాట్లాడుకుందాం.”

“మునీ. ఆ మాటలు నేను ఒక్కసారే అన్నాను. మళ్ళీ నా నోట రాలేదు.”

“తెలుసు మా.”

“పాటలో ఎనక ఆడోళ్ళు ఏడస్తా ఉంటారే... అది ఆ పొద్దు నా పక్కన ఏడ్చిన మీ జ్ఞానాంబత్తనా?”

“...అవును.”

“మిషన్లతో చేసినారేమో అనుకుంటి.”

“కోపం జేసుకోవద్దు మా. అన్న పోయినాంక మనకింకేం మిగిలింది? నీ గొంతన్నా ఉండనీ అని... ఫోను చేతిలోనే ఉండె, రికార్డు నొక్కేసినా. అప్పుడు పాట గీట అని ఏమీ అనుకోలే. ఒట్టు.”

“ఒట్టు ఎయ్యొద్దు.”

“మా, నన్ను సూడు. ఒగ తూరి సూడు. తిట్టనన్నా తిట్టు.”

“ఆ పొద్దు వాకిట్లో పాడె ఎత్తేదానికి, తమ్ముడు రావాల, భుజమియ్యాల అని అందరూ పిలస్తా ఉండారు. నువ్వు నా పక్కన తల వంచుకోని ‘ఒక్క నిమిషం’ అంటివి. బిడ్డ ఏడస్తా ఉండాడు, ఏడ్వనీండి అని నేనే వాళ్ళని ఆపినా గదరా.”