మూడోసారికి ఆగు

లిఫ్టులు నడిపే బోర్డులు తయారుచేసే కంపెనీ, ఐదో అంతస్తులో ల్యాబు. బల్ల మీద విప్పిన బోర్డు, చిప్పు ఉండాల్సిన చోట చిప్పులా పనిచేస్తూ దాని ప్రతి అడుగూ తెర మీద చూపించే ఎమ్యులేటర్ తీగ. ఆమె తెర ముందు కూర్చుంది. ఆమెకు పని నేర్పిన పెద్దాయన గుమ్మంలో నిలబడ్డాడు.

“ఆ కాగితం మీద ఇంకా సంతకం పెట్టలేదా?”

“కూర్చోండన్నా. ఐదంతస్తులు ఎక్కొచ్చారు, ఆయాసం కూడా లేదే. లిఫ్టుకి తాళం పడ్డప్పట్నుంచి మాకు నాలుకలు బయటికొస్తున్నాయి.”

“తాళం పడకముందే మెట్లు మొదలెట్టాగా నేను. డాక్టరు చెప్పాడు. సంతకం సంగతి చూడు. నాలుగింటికి విచారణ వాళ్లొస్తారు.”

“నా కోడు వల్లే మన లిఫ్టు తలుపు తెరిచుండగా కదిలింది, మెకానిక్ కాలు నలిగింది. ఇదేగా రాశారు?”

“చిన్న పొరపాటనే రాశా. రెండు నెలలు ఇంట్లో కూర్చుంటావు, తర్వాత నేనే పిలిపిస్తా. నా మాట మీద నమ్మకం లేదా?”

“ఉంది కాబట్టే రెండు రోజులు ఆలోచించా. లేకపోతే అప్పుడే చించేసేదాన్ని.”

“మరి ఆ ఎమ్యులేటర్ ఎందుకు తగిలించావ్?”

“మీరు నేర్పిన విద్యే. బ్రేక్‌పాయింటంటే దొంగొచ్చే గుమ్మం దగ్గర కాపు, ట్రేసంటే వాడి కాలి జాడ. మీ మాటలే.”

“అవన్నీ తీరిగ్గా చెప్పుకుందాం, ముందు—”

“మెమరీలో ‘తలుపు మూసుంది’ అని రాసుకునే గడి ఉందిగా. దాని మీదే కాపు. ఒట్టిగా పెడితే తలుపు మూసిన ప్రతిసారీ ఆగుతుంది. అందుకే షరతు. మూసిందని సెన్సర్ చెప్పకుండానే ఆ గడిలో ఎవరైనా రాస్తే ఆగు. అదీ, సెన్సర్‌ని మూడోసారి అడిగాక.”

“పాత బోర్డమ్మా అది. దాన్నేం నమ్ముతావ్.”

“అబద్ధమాడ్డానికి బోర్డుకి నోరు లేదన్నా. చూడండి, ఆగింది. ట్రేస్ వెనక్కి జరుపుతా. సెన్సర్‌ని అడిగింది, జవాబు లేదు. మళ్లీ అడిగింది, లేదు. మూడోసారీ లేదు. సరే, మూసుందనుకో, పద. ఈ కోడు ముక్క నాది కాదు.”

“సరిగ్గా చూశావా?”

“నాది కాదన్నా.”

“లిఫ్టుకి అనుమతిచ్చే తనిఖీ వాళ్లు ఆ రోజు కిందే కూర్చున్నారు. సెన్సర్ మొరాయించింది. ఒక్కరోజుకని ఆ ముక్క పెట్టా. తీసేద్దామనుకుని మర్చిపోయా.”

“మర్చిపోయారు.”

“మర్చిపోయానమ్మా, నేను మనిషిని కానా? రిటైర్మెంటు ఏడాదిలో ఉంది. నువ్వు చిన్నదానివి, నీకు ఇంకో చోటు దొరుకుతుంది. తెలిసినా కడుపులో పెట్టుకుంటావనుకున్నా.”

“మెకానిక్‌కి ఇంకో కాలు దొరుకుతుందా?”

“అతని కాలు నలిగాక గానీ నాకూ ఆ ముక్క గుర్తురాలేదు. ఒట్టు.”

“ఒట్టేనా?”

“ఒట్టు తల్లీ. నీ దగ్గర నాకు దాపరికమేంటి. అయినా షరతు బాగా పెట్టావ్. సరిగ్గా మూడోసారి దగ్గర పట్టావంటే… నేనైనా అలాగే పెట్టేవాణ్ణి.”

“పెట్టారుగా.”

“ఏంటి?”

“అది నేను పెట్టలేదన్నా. ఎమ్యులేటర్ పాత సెట్టింగులు దాచుకుంటుంది. తెరిచేసరికి ఉంది. అదే గడి, అదే షరతు, అదే మూడోసారి, మీ పేరు మీద. చెరపడం మాత్రం నిజంగానే మర్చిపోయారు.”

“ఏదీ, ఇలా జరుగు—”

“మౌస్ వదలండి. తేదీ చూడండి. మెకానిక్ కాలు నలగడానికి పదకొండు రోజుల ముందు.”

“తల్లీ, నా మాట—”

“పదకొండు రోజులు మేమంతా అందులోనే ఎక్కాం, అందులోనే దిగాం. మెట్లెక్కమని డాక్టరు మీకు చెప్పింది ఏ రోజన్నా?”