గుడ్డబంతి మీద భూగోళం

చూపు లేని భూగోళం టీచరు అడిగిందని, దర్జీ గుడ్డబంతి మీద అక్షాంశాలు, రేఖాంశాలు లావుపాటి దారంతో కుట్టి, జంకుతూనే ఆవిడ చేతిలో పెట్టాడు.

“అడ్డదారాలు గాజుల్లా ఉన్నాయి నాయనా. నడుమ పెద్దది, పైకి పోనుపోను చిన్నవి. ఒకదాన్నొకటి తాకవు. భేష్!”

“నిలువు దారాలే నా ప్రాణం తీశాయి టీచరుగారూ. ఎక్కడ మొదలెట్టినా అన్నీ ఒకేచోటికి పోతాయి. పైనొకటి, కిందొకటి ముడులు పడి కూర్చున్నాయి. విప్పి మళ్లీ కుడతాను.”

ఆవిడ వేలు ఒక దారం వెంట ఎక్కి ముడి దగ్గర ఆగింది. ఇంకో దారం మీద దిగి, మరో దారం పట్టుకుని మళ్లీ అక్కడికే ఎక్కింది.

“నీ కడుపు చల్లగా, విప్పకు. ఇదే ధ్రువం.”

“ఈ ముడా?”

“రేఖాంశాలన్నీ ధ్రువాల దగ్గర కలుస్తాయని ఇరవై ఏళ్లుగా పిల్లలకి బల్లగుద్ది చెబుతున్నాను. కలవడం ఇవాళే చూశాను.”