సీమజాలి ఇల్లు మారినప్పుడు

“తాతా, జమ్మిచెట్టు బోర్డు కింద ‘ఇది సీమజాలి కాదు’ అని రాసినారే, ఎందుకు?”

అదా పాపా? కూర్చో, ఆ రాయి కాలుతాంటాది, ఈ గోనెపట్ట వేసుకో. అది రాసింది నేను కాదు, మా మరదలు సావిత్రి. రాతలో పొగరు చూస్తే తెల్లేదా నీకు?

యాడి నుంచి చెప్పాల... నేను అనంతపురంలో బీఎస్సీ చదివినా. మాది విడపనకల్లు దగ్గర పల్లె. మా నాయన శెనక్కాయలు పండించేవాడు. పండించేవాడంటే, వానొస్తే పండేది, లేకుంటే లేదు. ఆ కాలంలో రూపాయి పట్టుకోని బస్సెక్కితే టీకి చిల్లర మిగిలేది. టీ కూడా గాజు గ్లాసులో, ఇప్పటి మాదిరి కాగితం కప్పులో కాదు. ఏం చెప్తాండా? ఆ, బాటనీ. చెట్ల పేర్లు రెండేసి మాటలు, నోరు తిరగదు మాకు. మా సారు అనేవాడు, ఏమప్పా, మీకు ఇంటిపేర్లు లేవా, ముందు ఇంటిపేరు, ఎనక సొంత పేరు, చెట్టుకూ అంతే అని. ఆ మాటతో పట్టుబడింది నాకు.

రిటైరైనాక మా కాలనీ చివర ఈ రాళ్లబీడులో నలుగురం కలిసి తోట వేసినాం. తోటంటే రోజాలు గీజాలు కాదు. కానుగ, తంగేడు, తుమ్మ, నారేప... నీళ్లు తక్కువ అడిగేవి. ప్రతి చెట్టుకూ రేకు బోర్డు. పేర్లు రాసేది నేనే, తెల్ల పెయింటుతో, ముత్యాల మాదిరి.

జమ్మి మాత్రం సులువుగా రాలే. కణేకల్లు పక్క ఇసుకదిబ్బల కాడ నుంచి మొక్క తెచ్చి పెడితే ఎండిపోయె. మళ్లా తెస్తిమి, మేక తినె. ఆఖరికి ఒకటి నిలబడింది. బియ్యం కడిగిన నీళ్లన్నీ మోసి మోసి బతికించింది సావిత్రే. అంతకుముందు దసరా వస్తే జమ్మాకు కోసం కాలనీ వాళ్లు యాడికో పోవాల. ఇప్పుడు అందరూ ఈడికే వస్తారు.

సావిత్రి సైన్సు టీచరుగా చేసింది. ఫోన్లో చూసి, బావా, ఈ చెట్టు పేరు మారింది, ఆ చెట్టు పేరు మారిందని రోజూ నా పానం తీసేది. తంగేడు మా కాలంలో కేసియా, ఇప్పుడు సెన్నా. “తంగేడు అత్తగారింటికి పోయి ఎన్నాళ్లాయె, నువ్వింకా పుట్టింటి పేరుతోనే పిలుస్తాండావు” అంటాది. “అది యాడికీ పోలేదు, ఈన్నే ఉండాది” అంటా నేను. పెయింటు డబ్బా మళ్లా ఎవరు తెరుస్తారు చెప్పు.

పోయిన ఎండాకాలం ఈ బీడులో సీమజాలి కొట్టించే సర్కారు పని వచ్చింది. సీమజాలి తెలుసు కదా, సర్కారు తుమ్మ అంటారు కొందరు. నీళ్లు తాగేస్తాది, పక్కన ఇంకోదాన్ని మొలవనీదు. పోతే పీడా పోయె అని అందరం సంతోషపడినాం. పనోళ్లకు నేనే మజ్జిగ ఇప్పించినా. ఒకరోజు పొద్దున తోటకు వస్తే, జమ్మి ముందర జేసీబీ నిలబడుకోనుండాది.

పని చేయించే సూపర్‌వైజరు గోదావరి పక్క పిల్లోడు, మర్యాదస్తుడే. “కాగితంలో ప్రొసోపిస్ చెట్లన్నీ తీసేయమన్నారండీ. దీని మీద ప్రొసోపిస్ అని బోర్డుంది. రాసింది మీరేనటగా?” అన్నాడు.

చూడు మరి. బోర్డు లేకుంటే వాడు జమ్మిని చూడకుండా పోయేవాడేమో. నా ముత్యాల రాతే దాని మెడకు చుట్టుకుంది.

“అబ్బీ, ఇది ప్రొసోపిస్ సినరేరియా, మన జమ్మి. నువ్వు కొట్టాల్సింది ప్రొసోపిస్ జూలిఫ్లోరా. ఇంటిపేరు ఒకటే, మనిషి వేరు. మా వీధిలో ఒకే ఇంటిపేరోళ్లు ఇద్దరుండారు, ఒకడు డాక్టరు, ఒకడు పేకాటరాయుడు. వాని కోసం వచ్చి వీణ్ణి పట్టుకోని పోతారా?” అంటి.

“నాకు రాసిచ్చింది ఇంటిపేరేనండీ” అన్నాడు. ఆకు చూపించినాడు, ముల్లు చూపించినాడు. రెండిటికీ పోలిక ఉండాది, అబద్ధం ఎందుకు చెప్పాల.

అంతలో సావిత్రి వచ్చె, చేతిలో బకెట్టు. ఇంత గొడవ జరుగుతాంటే ముందు చెట్టుకు నీళ్లు పోసి, కొంగుకు చెయ్యి తుడుచుకోని అప్పుడు ఫోను తీసింది. “చూడు నాయనా. సీమజాలి ఇప్పుడు ప్రొసోపిస్ కాదు. వేరుపడి పోయింది. దాని ఇంటిపేరు నెల్టూమా. మన పక్క ఆ పాత ఇంట్లో మిగిలింది జమ్మే.”

వాడు చదివి తల గోక్కున్నాడు. “అయితే ఈ కాగితం ప్రకారం నేను మీ చెట్టొక్కటే కొట్టి, ముళ్లకంపంతా వదిలేయాలాండీ?”

“అదే అడుగు మీ ఆఫీసును” అనె సావిత్రి.

ఫోన్ చేసినాడు. ఆ పక్క మనిషికి చెప్పలేక చెమటలు పట్టె వానికి. జేసీబీ డ్రైవరు నవ్వు ఆపుకోలేక దిగి పక్కకు పోయె. నేను జమ్మి మొదలు ఆనుకోని నిలబడుకుంటి, వీపుకు ముళ్లు గుచ్చుకుంటాన్నా కదల్లే. ఆఖరికి ఆఫీసాయన “సీమజాలి మాత్రమే” అని తెలుగులో రాసి, కింద దాని పాత పేరూ కొత్త పేరూ రెండూ పెట్టి పంపె. జేసీబీ ఎనక్కి తిరిగె.

ఆ సాయంత్రమే పెయింటు డబ్బా తెరిచినా. సావిత్రి చెప్తాండె, నేను రాస్తాంటి. నువ్వు అడిగిన ఆ జమ్మి కింది మాట మాత్రం నా చేతిలో బ్రష్షు గుంజుకోని తనే రాసె. పాత పేర్లు చెరపలే. పాత పుస్తకం చదివినోడు వచ్చినా, కొత్త ఫోను పట్టుకోని వచ్చినా చెట్టు దొరకాల కదా. పెద్ద చదువులోళ్లు తెలిసేకొద్దీ మారుస్తాంటారు, తిట్టుకుంటే ఏమొస్తాది. ఈ జమ్మికే మా కాలేజీ రోజుల్లో ప్రొసోపిస్ స్పైసిజెరా అని పేరు.

సీమజాలి పోయిన జాగాలో తంగేడు దానంతటదే మొలుస్తాండాది, పోయి చూడు. ఆ సూపర్‌వైజరు పిల్లోడు దసరాకు వచ్చి జమ్మాకు నా చేతిలో పెట్టి మొక్కి పోయినాడు. వాళ్ల ఊరికి ఒక మొక్క కావాలంట. ఆ నీళ్ల దేశంలో ఇదేమంటాదో మరి. ఈ ఏడు కాయ పట్టింది కదా, ఇత్తులు పాల ప్యాకెట్లలో వేస్తే బాగానే లేచినాయి.

ఇదో, ఇది నీకు. కుండీలో పెట్టాకు, దీని వేరు లోతుకు పోతాది. మీ నాయన కొన్న సైటు మూలన పెట్టు. మొదట్లో పెరగనట్టే ఉంటాది, భయపడాకు. అది ముందు కిందికి పెరుగుతాది, ఆమైన పైకి. నువ్వు పెట్టిందల్లా వేరు తన్నుకోని బతకాల తల్లీ. నీ చేతి నీళ్లు తాగిన చెట్టు కింద ఎవరెవరో వచ్చి కూర్చోవాల... పట్టుకో. అట్ల కాదు, కిందుగా పట్టుకో, ముల్లుంటాది...