గుండె మీది గుర్తు

సూరత్‌లోని ఓ మిల్లు ఆఫీసులో, తెలంగాణ నుంచొచ్చి స్థిరపడ్డ సేటు సోఫా మీద కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. ముప్పై ఏళ్లుగా అక్కడే మగ్గం నడుపుతున్న ముసలాయన, మడత పెట్టిన తెల్లగుడ్డతో ఎదురుగా నిలబడ్డాడు. తన చేత్తో నేసిందే అయినా దాన్ని పట్టుకుంటే కంపరంగా ఉందతనికి.

“జర చూపియ్యి కాకా. మన గుర్తు మంచిగ పడ్డదా?”

“పడ్డది. గని సేటూ, పీనుగు మీద కప్పే గుడ్డకు కంపెనీ గుర్తేంది?”

“దానం కాకా! బస్తీల ఎవరు పోయినా కఫన్ మనదే, ముఫత్. ఎవరిచ్చిండ్రో నలుగురికి తెల్వాలె గద.”

“మనోళ్లు కోరాగుడ్డ కప్పుతరు. దానికి అంచు గూడ ఉండది.”

“అందుకే ఎవరూ యాది పెట్టుకోరు. ఈ డిజైన్ బొంబాయిల చేపిచ్చిన.”

“చితి మీద ఒక్క గంటల కాలిపోతది.”

“ఫొటో ముందే తీస్తం.”

ముసలాయన గుడ్డ మడతలు విప్పి, నిలువునా పట్టుకుని చూపించాడు.

“అరె, గుర్తు నడుం కాడికేసినవేంది? ముఖంతోని ఫొటోల పడది. గుండె మీద రావాలె.”

“గుండె యాడికొస్తదో కప్పి చూస్తెనే గద ఎరుకయ్యేది. జర పండుకోండ్రి సేటూ.”

సేటు సంబరంగా సోఫా మీద వెల్లకిలా పడుకున్నాడు. ముసలాయన గుడ్డ దులిపి, పాదాల నుంచి గడ్డం దాకా ఓపిగ్గా కప్పాడు.

“వచ్చిందా కాకా?”

“రాలే. జర పైకి గుంజాలె.”

గుర్తు గుండె మీదికి జరిగింది. గుడ్డ సేటు ముఖాన్ని కప్పేసింది.

“ఇగో, ఇప్పుడు కుదిరింది సేటూ. కదలకుండ్రి, ఫొటో తీస్త.”